పెరంబూర్ ఫ్లాట్ కాగితాల కోసం వెతికితే వీలునామా దొరికింది: ఒక వారసత్వం కేసు కథ

నేను గుంటూరు జిల్లాలో సివిల్ సైడ్ ప్రాక్టీస్ చేస్తాను, ఇరవై ఏళ్లు దాటింది. ఈ కేసు రాసుకోమని ఫ్యామిలీ వాళ్లే అన్నారు కాబట్టి రాస్తున్నా, ఊరు పేరు, మనుషుల పేర్లు చెప్పను, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను కూడా.

పెద్దాయన రైల్వేలో చేసి మద్రాసులోనే రిటైరయ్యారు. 1993లో అక్కడే పెరంబూర్‌లో చిన్న ఫ్లాట్ కొన్నారు, రిటైరయ్యాక సొంతూరొచ్చి ఇల్లు కట్టుకున్నారు. ముత్తాతల నాటి పొలం 1981లో అన్నదమ్ములు పంచుకుంటే ఈయన వాటాకి ఎకరం అరవై సెంట్లు వచ్చింది. బ్యాంకులో 9 లక్షల ఎఫ్‌డీ ఉంది, నామినీగా కొడుకు పేరు. 2022 జనవరిలో పోయారు. భార్య ఉన్నారు, కొడుకు విజయవాడలో ఉద్యోగం, పెద్దమ్మాయి డల్లాస్‌లో, చిన్నమ్మాయి క్యాన్సర్‌తో 2019లోనే పోయింది, ఆమెకో కొడుకు, తాతగారు పోయేనాటికి వాడికి 11 ఏళ్లు.

కొడుకు మంచివాడే, అది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇక్కడి నుంచి చదివితే దొంగలా కనిపిస్తాడు. దినకార్యాలయ్యాక ఎవరు ఏం చెప్తే అది చేసుకుంటూ పోయాడు. డెత్ సర్టిఫికెట్ 21 రోజుల్లోపే రిజిస్టర్ చేయించాడు, అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ మార్పించాడు, ఇవి రెండూ నీట్‌గా అయ్యాయి. తర్వాత సచివాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి అప్లై చేశాడు. ఎంక్వయిరీకి వచ్చినాయన ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే అమ్మ, నేను, అమెరికాలో అక్క అని చెప్పాడు. చెల్లెలు పోయింది కదా, పోయినవాళ్ల పేరు ఎందుకు అనుకున్నాడు. సర్టిఫికెట్‌లో ముగ్గురి పేర్లే వచ్చాయి. ఆ ముగ్గురి పేర్ల సర్టిఫికెట్ పట్టుకెళ్లి పొలం మ్యుటేషన్‌కి (రికార్డుల్లో పేరు మార్పుకి) పెట్టాడు, అక్క దూరంగా ఉంది తర్వాత చూద్దామని అమ్మ పేరు, తన పేరు ఎక్కించాడు, వెబ్‌ల్యాండ్‌లో (ఆన్‌లైన్ భూమి రికార్డుల్లో) అలాగే ఎక్కింది, 1బి (పొలం హక్కుల రికార్డు) చేతికొచ్చింది. బ్యాంకుకెళ్తే నామినీవి కదా అని ఎఫ్‌డీ డబ్బులు ఇచ్చేశారు, అందులో సగం తన హౌసింగ్ లోన్‌కి కట్టేశాడు.

ఎనిమిది నెలలు అంతా సాఫీగా నడిచింది. పెరంబూర్ ఫ్లాట్‌లో అద్దెకున్నాయన మేమే కొనుక్కుంటాం అన్నాడు, ఒరిజినల్ డాక్యుమెంట్ చూపించమన్నాడు. అమ్మగారు బీరువా తీసి పట్టుచీరల అడుగున ఉన్న ఖాకీ కవరు బయటికి తీస్తే ఫ్లాట్ సేల్ డీడ్‌తో పాటు రెండు పేజీల కాగితం ఉంది. 2020 ఫిబ్రవరిలో టైప్ చేయించిన వీలునామా, రిజిస్టర్ కాలేదు, కింద పెద్దాయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు. ఇల్లు, పొలం కొడుక్కి. ఎఫ్‌డీ మొత్తం చిన్నమ్మాయి కొడుక్కి. పెరంబూర్ ఫ్లాట్, ఇంకా మిగిలినవన్నీ భార్యకి.

నా దగ్గరికొచ్చింది అప్పుడు, 2022 అక్టోబర్‌లో. కూర్చోగానే కొడుకు అడిగింది ఒకటే, "సార్, ఇది రిజిస్టర్ కాలేదు కదా, చెల్లదు కదా?" అని. అమ్మగారు పక్కనే ఉన్నారు, ఆవిడ మొహం చూస్తే ఆ ప్రశ్న ఇంట్లో అప్పటికే పదిసార్లు వచ్చి ఉంటుందని అర్థమైంది.

చెల్లుతుంది. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు పేపర్ కూడా అక్కర్లేదు. కావాల్సింది ఇండియన్ సక్సెషన్ యాక్ట్ సెక్షన్ 63 చెప్పినట్టు రాసినాయన సంతకం, కనీసం ఇద్దరు సాక్షులు ఆయన సంతకం పెట్టడం చూసో, లేదా ఇది నా సంతకమే అని ఆయన నోటివెంట వినో, ఆయన ఎదుట తామూ సంతకం పెట్టడం. పేచీ వస్తే ఆ సాక్షుల్లో బతికున్నవాళ్లు ఒక్కరైనా కోర్టులో చెప్పాలి. చాలామంది రిజిస్టర్డ్ వీలునామా అయితే ఎదురే లేదనుకుంటారు, నా ఎక్స్‌పీరియన్స్‌లో రిజిస్టర్ అయినవి కూడా సాక్షి సరిగ్గా చెప్పలేక పడిపోయినవి ఉన్నాయి. అందుకే నేను ముందు ఆస్తి లిస్టు చూడను, సాక్షుల పేర్లు చూస్తాను.

ఇద్దరిలో ఒకాయన 2021 సెకండ్ వేవ్‌లో పోయాడు. రెండో ఆయన పక్క వీధిలో ఉండే రిటైర్డ్ హెడ్‌మాస్టర్, 81 ఏళ్లు, భార్య పోయాక రాజమండ్రిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. నేను మిగతా పనులన్నీ పక్కన పెట్టి వారంలోపు రాజమండ్రి వెళ్లాను. పెద్దాయన కొడుకు నాతో వస్తానంటే వద్దన్నాను, లబ్ధి పొందేవాడు పక్కన కూర్చుంటే రేపు ఆ మాట కూడా కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో వస్తుంది.

మాస్టారు వినికిడి తగ్గింది గానీ బుర్ర పాదరసం. నేను కాగితం చూపించి సంతకం ఎవరిదన్నాను, అంతే, ఇంకేం అందించలేదు. "నాదే బాబూ. ఆ రోజు ఆంజనేయస్వామి గుడి నుంచి వస్తుంటే పిలిచాడు, కాఫీ ఇచ్చాడు, ముందు తను పెట్టాడు, తర్వాత నేను పెట్టాను, నా తర్వాత అతను, ముగ్గురం అదే బల్ల దగ్గరున్నాం" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే సాక్షులిద్దరూ ఒకేసారి ఉండక్కర్లేదని చట్టం అంటుంది గానీ, ఒక్క సాక్షినే కోర్టుకి పిలిస్తే ఆయన తన సంతకం గురించే కాదు, రెండో సాక్షి సంతకం గురించి కూడా చెప్పగలగాలి, 2002లో జానకి నారాయణ్ భోయిర్ కేసులో సుప్రీంకోర్టు అక్కడే వీలునామాని పక్కన పెట్టింది. పోయిన సాక్షి సంతకం గురించి మాస్టారు "నేను చూళ్లేదు" అని ఉంటే ఈ కేసు దారే మారిపోయేది.

ఇప్పుడు ప్రొబేట్ సంగతి, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ. మన ఆంధ్రా, తెలంగాణలో హిందువుల వీలునామాకి ప్రొబేట్ తప్పనిసరి కాదు, ఇది చాలామందికి తెలుసు, అందుకే మన లాయర్లు కూడా ప్రొబేట్ అనగానే మనకెందుకులే అంటారు. కానీ ఇండియన్ సక్సెషన్ యాక్ట్‌లో అప్పటి సెక్షన్ 213, 57 కలిపి చదివితే, వీలునామా ఎక్కడ రాసినా సరే, అందులో మద్రాసు లేదా బొంబాయి హైకోర్టు ఒరిజినల్ జ్యూరిస్‌డిక్షన్ (కేసులు నేరుగా హైకోర్టులోనే వేయగలిగే సిటీ హద్దు) లోపలి స్థిరాస్తి ఉంటే (కలకత్తా వైపు బెంగాల్‌లో ఉన్నా అంతే) కోర్టు గ్రాంట్ లేకుండా ఆ వీలునామా కింద హక్కు నిరూపించుకోలేరు. గుంటూరు, కృష్ణా, నెల్లూరు అన్నీ ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీయే అయినా ఆ రూలు మద్రాసు సిటీ హద్దు వరకే, మన జిల్లాలకి రాలేదు. పెరంబూర్ ఆ హద్దులో ఉంది. అంటే ఈ రెండు పేజీలు చెన్నై వెళ్లక తప్పదు.

కొడుకు బావమరిది ఒకాయన ఎక్కడో విని సక్సెషన్ సర్టిఫికెట్ వేస్తే అన్నీ వచ్చేస్తాయని చెప్పాడట. సక్సెషన్ సర్టిఫికెట్ అప్పులు, డిపాజిట్లు, షేర్లలాంటి వాటికే, ఇంటికీ పొలానికీ ఫ్లాట్‌కీ పనికిరాదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అయితే ఇంకా తక్కువ, ఫలానా వాళ్లు ఇంటి మనుషులు అని ఒక ఆఫీసు చెప్పే మాట మాత్రమే, అది హక్కు తేల్చదు. నామినీ కూడా అంతే. డబ్బు తీసుకుని అసలు హక్కుదారులకి ఇవ్వాల్సిన మనిషి, ఇన్సూరెన్స్ మీద 1983లో సర్బతీ దేవి కేసు (2015 సవరణ తర్వాత ఇన్సూరెన్స్‌లో దగ్గరి బంధువైన నామినీ సంగతి మారింది), బ్యాంకు మీద 2010లో తల్వార్ కేసు, షేర్ల మీద 2023 డిసెంబర్‌లో శక్తి యజ్దానీ కేసు, అన్నిట్లో సుప్రీంకోర్టు మాట ఇదే. బ్యాంకు తప్పేం లేదు, నామినీకి ఇచ్చేస్తే వాళ్ల బాధ్యత తీరిపోయింది. బాధ్యత ఇప్పుడు కొడుకు మెడకుంది. ఇది చెప్పినప్పుడు అతను చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత మెల్లగా "వాడి డబ్బు నేను తినేశానా సార్" అన్నాడు. అందుకే మంచివాడని ముందే చెప్పాను.

నేను పెట్టిన ప్లాన్ అందరికీ తలకిందులుగా అనిపించింది. ఊళ్లో ఇల్లు, పొలం, ఎఫ్‌డీ ముందు తేల్చుకుని చెన్నై సంగతి చివర్లో చూద్దామని వాళ్ల ఆలోచన. నేను చెన్నై ముందు అన్నాను. కష్టమైన గుమ్మం అదే, అక్కడ వీలునామా రుజువైతే ఆ తీర్పు ప్రపంచానికంతటికీ వర్తిస్తుంది, హైకోర్టు ఇచ్చిన గ్రాంట్ మామూలుగా వేరే రాష్ట్రాల ఆస్తికీ పనిచేస్తుంది, ఇక్కడ మళ్లీ సాక్షిని లాగక్కర్లేదు. పైగా 81 ఏళ్ల సాక్షి మన కోసం ఆగడు.

వీలునామాలో ఎగ్జిక్యూటర్ (దాన్ని అమలు చేసే మనిషి) ఎవరో రాయలేదు. ఎగ్జిక్యూటర్ ఉంటే ప్రొబేట్, లేకపోతే వీలునామా జతచేసిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (ఆస్తి పంచే అధికారం ఇచ్చే కోర్టు కాగితం). మిగిలిన ఆస్తంతా భార్యకే అని రాశారు కాబట్టి అడగడానికి అర్హత అమ్మగారికుంది. చెన్నైలో ఒరిజినల్ సైడ్ చేసే ఫ్రెండ్ లాయర్‌కి అప్పజెప్పాను. పిటిషన్, ఆస్తుల అఫిడవిట్, మాస్టారి అఫిడవిట్, ఒరిజినల్ వీలునామా, దగ్గరి బంధువుల కన్సెంట్‌లు. డల్లాస్ అక్క కన్సెంట్ అక్కడ నోటరీ చేయించి టెక్సాస్ స్టేట్ నుంచి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించి పంపింది. పిల్లాడు మైనర్, వాడు కన్సెంట్ ఇవ్వలేడు, వాడి తరఫున గార్డియన్‌కి నోటీసు వెళ్లాలి. ఎవరైనా కేవియట్ (అభ్యంతరం) వేస్తే అది సూట్‌గా మారి ఏళ్లకేళ్లు ట్రయల్ నడుస్తుంది, అందుకే నేను ఫైల్ చేయకముందే అల్లుడితో మాట్లాడదామన్నాను. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. ఆయన 2021లో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు.

ఇక్కడ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తప్పు బయటపడింది. తండ్రి కంటే ముందే పోయిన కూతురి కొడుకు క్లాస్ వన్ వారసుడు, భార్యతో, కొడుకుతో, కూతురితో సమానం. వాడి పేరు లేకుండా తెచ్చిన సర్టిఫికెట్ మీద ఏ పని చేసినా రేపు వాడికి 18 నిండాక తిరగబడొచ్చు. చిన్నమ్మాయి డెత్ సర్టిఫికెట్, పిల్లాడి బర్త్ సర్టిఫికెట్ పెట్టి పాతది రద్దు చేసి కొత్తది ఇమ్మని అర్జీ పెట్టించాను, మూడు నెలలు పట్టింది.

మా ఆఫీసులో మీటింగ్ పెట్టాను. అల్లుడు వచ్చాడు, తన తరఫున వేరే లాయర్‌ని పెట్టుకోమని నేనే చెప్పాను. ఇల్లు, ఫ్లాట్, ఎఫ్‌డీ పెద్దాయన స్వార్జితం, వీలునామాలో ఎలా రాస్తే అలా. అక్కడిదాకా ఎవరూ నోరెత్తలేదు. పొలం దగ్గర గొడవ మొదలైంది, ఎందుకంటే అది ఆయన స్వార్జితం కాదు. ముత్తాతల పొలంలో ఆయనకి పంపకంలో వచ్చిన వాటా ఆయన పిల్లల విషయంలో పిత్రార్జితమే. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత కూతుళ్లూ పుట్టుకతో వాటాదార్లు, 2020లో వినీతా శర్మ తీర్పు దాన్ని ఖాయం చేసింది. అసలు మన ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ఇరవై ఏళ్ల ముందే ఉంది ఇది, ఎన్టీఆర్ టైమ్‌లో తెచ్చిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకొచ్చింది, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి, ఈ ఇంట్లో ఇద్దరమ్మాయిలూ అప్పటికి చిన్నపిల్లలే.

కాగితం మీద గీసి చూపించాను. 160 సెంట్లు. 2019లో చిన్నమ్మాయి పోయేనాటికి వాటాదార్లు నలుగురు, తండ్రి, కొడుకు, ఇద్దరు కూతుళ్లు, తలా 40. మన వైపు పంపకంలో భార్యకి విడిగా వాటా రాదు. చిన్నమ్మాయి 40 ఆమె వారసులకి వెళ్తాయి, ఆడవాళ్ల ఆస్తికి అదే చట్టంలో సెక్షన్ 15 కాబట్టి ఆమె కొడుక్కి 20, ఆమె భర్తకి 20. తండ్రి వీలునామాలో పొలమంతా కొడుక్కి అని రాసినా ఆయన రాయగలిగింది తన 40 సెంట్లే. కాబట్టి కొడుక్కి తన 40, తండ్రివి 40, మొత్తం 80. అక్కకి 40. పిల్లాడికి 20. బావకి 20.

"బావకా?" అని లేచాడు కొడుకు. "మా ముత్తాత పొలంలో ఆయనకి 20 సెంట్లా, పైగా ఇంకో పెళ్లి చేసుకున్నాక?" పెళ్లి చేసుకుంటే భార్య నుంచి వచ్చిన వారసత్వం పోదని చెప్పాను. అదే చిన్నమ్మాయి తండ్రి తర్వాత పోయున్నా, ఆమె పుట్టుకతో తెచ్చుకున్న 40 సంగతి మాత్రం ఇదే. అమ్మగారు అప్పటిదాకా ఏం మాట్లాడలేదు, అల్లుడి వైపు తిరిగి "పిల్లాణ్ణి సెలవులకి పంపుతావా నాయనా" అని అడిగారు. నాకు తెలిసి ఆ రోజు మీటింగ్ అక్కడ తేలింది. అల్లుడు తన 20 సెంట్లు కూడా పిల్లాడి పేరునే పెట్టమన్నాడు, కేవియట్ వేయనన్నాడు. డల్లాస్ అక్క మాత్రం తన 40 వదులుకోలేదు. తమ్ముడు ఫోన్లో రెండుసార్లు అడిగాడట. వదులుకోవాల్సిన పని ఆవిడకి లేదు, ఆడపిల్ల సంతకం పెట్టేయడం మర్యాద అనుకునే ఇళ్లు నేను చాలా చూశాను, పెట్టకపోతే ఏదో తప్పు చేసినట్టు ఆవిడే నాకు ఫోన్‌లో సంజాయిషీ ఇచ్చింది.

చెన్నైలో ఫైల్ చేసిన పద్నాలుగు నెలలకి ఆర్డర్ వచ్చింది, అడ్మినిస్ట్రేషన్ బాండ్ (ఆస్తి సరిగ్గా పంచుతామన్న పూచీ) ఇచ్చి గ్రాంట్ తీసుకున్నాం. ఆరు నెలల్లో ఆస్తుల ఇన్వెంటరీ, ఏడాదిలో లెక్కలు కోర్టులో పెట్టాలి, చాలామంది గ్రాంట్ చేతికి రాగానే ఇది మర్చిపోతారు. మాస్టారు అఫిడవిట్ ఇచ్చిన తొమ్మిది నెలలకి పోయారు.

తర్వాత ఇక్కడి పని. మైనర్ ఉన్నాడు కాబట్టి పొలానికి ఉత్త పార్టిషన్ డీడ్ రాసి రిజిస్టర్ చేయడం నాకు ఇష్టం లేదు. పిల్లాడి తరఫున వాళ్ల నాన్న పార్టిషన్ సూట్ వేశాడు, మేము ఒప్పుకున్నాం, మైనర్ తరఫున రాజీకి కోర్టు పర్మిషన్ తీసుకున్నాం, లోక్ అదాలత్‌లో అవార్డు అయింది. ఆ అవార్డుకి డిక్రీ విలువ ఉంది, అప్పీల్ లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది. ఈ లోపు ఒక భయం, డల్లాస్ నుంచి అక్క పంపిన జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, కొడుకు దాన్ని కొరియర్ కవర్‌లోనే కారు డాష్‌బోర్డులో పెట్టుకుని తిరిగాడు, 80వ రోజు నేను అడిగితే గుర్తొచ్చింది, పరిగెత్తుకుంటూ జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాం. అవార్డు పెట్టి పాత మ్యుటేషన్ సరిచేయించాం. తెలంగాణలో పొలమైతే అప్పట్లో ధరణిలో స్లాట్ దగ్గర మొదలెట్టాల్సొచ్చేది, ఇప్పుడు భూభారతి, అది వేరే కథ.

ఎఫ్‌డీ 9 లక్షలు కొడుకు మూడు వాయిదాల్లో కట్టాడు, వడ్డీతో సహా, ఎవరూ అడక్కుండానే వడ్డీ కట్టాడు. అది పిల్లాడి పేరున బ్యాంకులో ఉంది, 18 నిండేదాకా తీయకూడదని అవార్డులోనే రాయించాను.

ఇంకో చిన్న సంగతి. రిజర్వ్ బ్యాంక్ 2023 ఆగస్టులో ఉద్గమ్ పోర్టల్ పెట్టింది, పదేళ్లు దాటి ఎవరూ ముట్టని డిపాజిట్లు పేరుతో వెతుక్కోవచ్చు. అలవాటుగా పెద్దాయన పేరు కొట్టి చూస్తే చెన్నైలో పాత సేవింగ్స్ ఖాతా ఒకటి దొరికింది, 41 వేలు. మిగిలినవన్నీ భార్యకి అని రాసిన లైను దానికి పనికొచ్చింది.

2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆ సెక్షన్ 213నే తీసేసింది, కాబట్టి ఇప్పుడు చెన్నై ఫ్లాట్ ఉంది కదా అని ప్రొబేట్ తప్పనిసరి అనక్కర్లేదు. నన్నడిగితే ఈ ఫ్యామిలీకి ఇవాళైనా అదే దారి చెప్పేవాణ్ణి. మైనర్ ఉన్నాడు, రిజిస్టర్ కాని కాగితం, ఒక్క సాక్షి, కోపంగా ఉన్న బావాబావమరుదులు. తప్పనిసరి కాకపోవడం, అవసరం లేకపోవడం ఒకటి కాదు. బ్యాంకుల సంగతి మాత్రం తేలికైంది, నామినీ లేని ఖాతాల్లో 15 లక్షల దాకా సక్సెషన్ సర్టిఫికెట్ లేకుండా క్లెయిమ్ తేల్చాలని, కాగితాలన్నీ ఇచ్చిన 15 రోజుల్లో చేయాలని రిజర్వ్ బ్యాంక్ 2025 సెప్టెంబర్‌లో చెప్పింది, కోఆపరేటివ్ బ్యాంకులకి ఆ లిమిట్ 5 లక్షలు.

ఫ్లాట్ ఆ అద్దెకున్నాయనకే అమ్మారు. డబ్బు వచ్చిన నెలకి అమ్మగారు మా ఆఫీసుకొచ్చి తన వీలునామా రాయించుకున్నారు, రిజిస్టర్ చేయిద్దామన్నారు, ఎగ్జిక్యూటర్‌గా డల్లాస్ కూతురు పేరు కాకుండా విజయవాడలో ఉండే మేనకోడలి పేరు చెప్పారు. సాక్షులెవరు అమ్మా అంటే ఇద్దర్ని వెంటబెట్టుకునే వచ్చారు, పాలు పోసే అబ్బాయి, ఎదురింటి టీచరమ్మ, ఇద్దరికీ నలభై దాటలేదు.